కృష్ణాతీరమున ప్రాయశ్చిత్త విశ్వాసము

నూజివీడు మామిడితోటలకు పుష్య మాఘములు పూతకాలము. తెల్లవారుజామున మంచు దట్టముగా దిగినచో రైతు గుండెలో దిగులును దిగును. పూతకు తేనెమంచు పురుగు పట్టెనా, ఏడాది ఆశ మసిబారి పోవును. ఆ దినములలో ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబముల సాయంకాల ప్రార్థనలు వినినవారికి ఒక సంగతి తెలిసియుండును. ప్రార్థించువాడు తోట యజమాని కావచ్చును, కూలివాడు కావచ్చును, బడిపంతులు కావచ్చును. విన్నపము పూతను గూర్చినది కావచ్చును, పిల్లవాని జ్వరమును గూర్చినది కావచ్చును. ముగింపు మాత్రము అందరికిని ఒక్కటే. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నామని చెప్పి ఆమేన్ అందురు.

మేమును బాల్యమున ఆ మాటను ప్రార్థన ముగియవచ్చినదనుటకు గుర్తుగా మాత్రమే యెరుగుదుము. అది వినబడినచో కన్నులు తెరువవచ్చును గదా! దాని బరువు తెలియుటకు చాల కాలము పట్టినది. ఇల్లు కట్టువారు పునాదిని మొదట వేయుదురు. క్రైస్తవులు తమ ప్రార్థనకు పునాదియైన దానిని కడపట పలుకుదురు. నా యోగ్యతను బట్టి అడుగుట లేదు, నా కొరకు మరియొకడు చేసిన ప్రాయశ్చిత్తమును బట్టి అడుగుచున్నాను అనుటయే ఆ మాటకు అర్థము. ఈ నమ్మకము కృష్ణాతీరమునకు ఎట్లు చేరినదో, ఇచ్చట ఎట్టి పరీక్షలకు గురియైనదో కొంత చెప్పదలచితిమి.

ప్రాయశ్చిత్తమను పదమును క్రైస్తవులు క్రొత్తగా తేలేదు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయములో అధికభాగము దీనిని గూర్చినదే. పదుమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన తెలుగున రచించిన విజ్ఞానేశ్వరీయములో ఆచార, వ్యవహార కాండములతోపాటు ప్రాయశ్చిత్త కాండమును ఉన్నది. కృచ్ఛ్రము, చాంద్రాయణము మొదలగు వ్రతములు, ఉపవాసములు, జపములు, దానములు, తీర్థస్నానములు ఆయా దోషములకు తగినట్లుగా విధింపబడినవి. చంద్రకళలను బట్టి కబళములను పెంచుచు తగ్గించుచు నెల దినములు గడపు చాంద్రాయణమును తలచినచో, ఆ పెద్దలు పాపమును ఎంత బరువైనదిగా ఎంచిరో తెలియును. వీనియందన్నిట ఒక నియమము స్థిరముగా నున్నది. దోషము చేసినవాడెవడో, దానిని తీర్చుకొనవలసినవాడును వాడే.

హెబ్రీయుల ధర్మశాస్త్రములో చిత్రము వేరు. సంవత్సరమునకు ఒకమారు వచ్చు ప్రాయశ్చిత్తార్థ దినమున రెండు మేకపోతులను తెచ్చుచుండిరి. ఒకదానిని వధించి దాని రక్తమును యాజకుడు గర్భాలయములోనికి కొనిపోవును. రెండవదాని తలపై చేతులుంచి జనుల దోషములన్నిటిని ఒప్పుకొని, దానిని అరణ్యమునకు తోలివేయుదురు. చేసినవారొకరు, మోయునది మరియొకటి. ఈ తంతునకు మూలమైన హెబ్రీ ధాతువునకు కప్పుట యని కొందరు పండితులు అర్థము చెప్పుదురు. మన తెలుగు కప్పుతో దానికి ధ్వనిలో కొంత పోలిక కలదు గాని అది కేవలము కాకతాళీయము. దానిపై సిద్ధాంతములు కట్టువారిని నమ్మవలదు. క్రీస్తుశకము 70లో యెరూషలేము దేవాలయము కూలుటతో ఆ బలులు నిలిచిపోయినవి. అంతకు మునుపే క్రీస్తు శిష్యులు సిలువమరణమే ఆ దినమునకు నెరవేర్పని బోధించుచుండిరి.

కాబట్టి తెలుగున బైబిలును చెప్పబూనినవారు పాత కుండలో క్రొత్త నీరు పోయవలసి వచ్చెను. పదునెనిమిదవ శతాబ్ది పూర్వభాగమున బెంజమిన్ షుల్ట్జ్ అను జర్మను బోధకుడు చేసిన తెలుగు అనువాదము అచ్చునకు నోచుకొనలేదు. శ్రీరాంపురమున 1812లో మూడు సువార్తలు, మద్రాసున 1818లో క్రొత్త నిబంధన, 1854లో సంపూర్ణ గ్రంథము వెలువడినవి. నేడు వాడుకలోనున్న తెలుగు బైబిలు పాత నిబంధనలో ప్రాయశ్చిత్తమనియే వ్రాయును. రోమీయులకు వ్రాసిన పత్రికలో మాత్రము కరుణాధారమను చక్కని కూర్పు కనబడును. ఆ మాట కూర్చినవాడెవడో గాని చెవి యున్నవాడు.

పండితుల పదములు పండితులకు. నూజివీడు జమీందారీ రైతునకు ఇంతకంటె సులభముగా బోధపడునది చెల్లుచీటి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చువరకు ఈ భూములకు శిస్తు దివాణమునకే చేరవలసి యుండెను. బకాయి పడినవాడు కచేరీ గడప ఎక్కుటకు జంకును. గుమాస్తా పిలిచినను చెట్టు చాటునకు పోవును. చెల్లుచీటి చేతనున్నవాడు, ఆ సొమ్ము కట్టినది తాను కాకపోయినను, తల యెత్తి లోపలికి పోయి తన మనవి చెప్పుకొనగలడు. క్రైస్తవుడు ప్రార్థనలో చేయునది ఇదియే. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పయిన ఆన్‌సెల్ము 1098లో ముగించిన గ్రంథమున సిలువను ఇట్లే ఋణముగా విచారించెను. ఆతని వెనుక వచ్చిన అబెలార్డు, కాదు, సిలువ దేవుని ప్రేమను చూపి మన హృదయమును మార్చుటకే యనెను. ఆ వాదము నేటికిని తెగలేదు. మాకు తోచినంతలో చెల్లుచీటి ఉపమానము ఒకచోట ఆగిపోవును. కచేరీలో దివాణము వేరు, బాకీ కట్టిన ఉపకారి వేరు. క్రైస్తవుల నమ్మికలో బాకీ రావలసినవాడే దానిని తనమీద వేసికొనెను. దేవుడు కోపముతో నుండగా మరియొకరు వచ్చి ఆయనను చల్లబరచిరని ఉపన్యసించువారు ఈ సంగతిని మరచుచున్నారు.

తెలుగుదేశమున ఈ నమ్మికను గూర్చిన తొలి కథలలో ఒకటి ఆనందరాయనిది. 1805లో లండను మిషనరీ సంఘమువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్టణము చేరిరి. వారికి సువార్తల అనువాదమున తోడ్పడినవాడు బ్రాహ్మణుడైన ఆనందరాయడు. ఒక వృద్ధుడు ఆతనికి ఒక మంత్రమును 4 లక్షల మారులు జపింపుమని ఉపదేశించెననియు, ఆతడు అంతకు రెట్టింపు జపించియు మనశ్శాంతి గానక పోయెననియు ఆతని వృత్తాంతములో కలదు. జపము వ్యర్థమని చాటుటకు ఈ కథను వాడుకొనుట మాకు సమ్మతము కాదు. జపమున శాంతి పొందినవారు మన దేశమున అసంఖ్యాకులు. ఆనందరాయని బాధ ఏమనగా, లెక్క ఎచ్చట చాలునో చెప్పువారు లేకపోయిరి. 8 లక్షలు చాలవేమో, 16 లక్షలు కావలెనేమో! ఈ బాధ ఏ మతమువాని కైనను రావచ్చును. ఇన్ని రాత్రుల జాగరణ, ఇన్ని దినముల ఉపవాసము చేసితిమి, ఇంకను దేవుడు వినలేదేమని కుములు క్రైస్తవులను మేము చూచితిమి. వారును లెక్కలోనే చిక్కుకొనిరి.

బందరునకు 1841లో హెన్రీ వాట్సన్ ఫాక్సు, రాబర్టు నోబుల్ అను ఇద్దరు చర్చి మిషనరీ సంఘమువారు వచ్చిరి. ఫాక్సు పల్లెలు తిరిగి ఆరోగ్యము చెడి 1848లో ఇంగ్లండున మరణించెను. నోబుల్ 1843లో పాఠశాల పెట్టి, 1865లో మరణించువరకు ఒక్కమారైనను స్వదేశము చూడలేదు. 1852లో ఆతని విద్యార్థులు ఇద్దరు, బ్రాహ్మణుడైన మంచాల రత్నము, వెలమ కులస్థుడైన ఐనాల భూషణము, బాప్తిస్మము పొందగా పట్టణము అట్టుడికినట్లు ఉడికెను. పాఠశాల ఖాళీ అయ్యెను. ఆ యువకులకు ఇల్లు, ఆస్తి, బంధుత్వము ఒక్క దినమున పోయినవి. ఇద్దరును తరువాత సంఘమున గురువులైరి.

నోబుల్ త్యాగమును శంకించువారు లేరు. అయినను ఆతని పాఠశాలలో అస్పృశ్యులనబడిన కులముల పిల్లలకు చోటు లేకపోయెను. అగ్రవర్ణములవారు వచ్చినచో తక్కినవారు వెంట వచ్చెదరని ఆతని యూహ. మా దృష్టిలో అది బోధకును ఆచరణకును కుదరని పొత్తు. దేవుని యెదుట ఎవనికిని స్వంత యోగ్యత లేదని చెప్పువాడు పాఠశాల వాకిట యోగ్యతను అడుగుట ఎట్లు? చరిత్ర ఆతని యూహను పాటింపనే లేదు.

అది నడచిన త్రోవ రాఘవాపురము మాలపల్లె మీదుగా పోయెను. ఆ పల్లె పెద్ద పగోలు వెంకయ్య. యౌవనమున దోపిడులలో పాలుగొన్నవాడని ఆతని కథ చెప్పువారు చెప్పుదురు. ఇట్టివాడు పాపభీతి కలిగి ప్రాయశ్చిత్తము కోరినచో ఎచ్చటికి పోవలెను? స్మృతులలోని వ్రతములు ఆతని చెవిని పడునవి కావు. వానిని విధించు పెద్దలు ఆతని నీడకు దూరముగా తొలగువారు. 1849 ప్రాంతమున, విగ్రహములు దేవుళ్లు కావను మాట యొకటి ఆతని చెవిని పడెను. అదియే పట్టుకొని ఆతడు తనకు తెలియని దేవునికి తనకు తోచిన ప్రార్థన చేయసాగెను. నీవెవరవు, ఎచ్చట నున్నావు, నాకు కనబడుమనుట తప్ప అందులో మరియేమియు లేదు. ఒకనాడు కాదు, ఒక నెల కాదు, సంవత్సరములు గడచెను. పిమ్మట కృష్ణలో పర్వస్నానములకై జనము చేరినప్పుడు బెజవాడ పోయి, అచ్చట మిషనరీ యైన థామస్ డార్లింగు మాట విని, తాను ఇంతకాలము వెదకిన దేవుడు ఈయనయే యని ఒప్పుకొనెను. 1859లో బాప్తిస్మము పొందెను.

ఈ వృత్తాంతమున మమ్ము ఆకర్షించునది ఆతని మార్పుకంటె ఆతని పాత ప్రార్థన. డార్లింగు ఆతనికి క్రొత్తగా ప్రార్థన నేర్పవలసిన పని లేకపోయెను. ఆతనికి కొదువైనది ప్రార్థించుటకు కాలు మోపు చోటు. పిలుచుచుండెను గాని పిలుచుటకు తనకు హక్కు కలదో లేదో ఎరుగడు. నదిలో మునిగినవారు వేలమంది యుండిన ఆ రేవున, నీ దోషము నీకంటె ముందుగా మరియొకడు మోసెను, ఇక మాటలాడుమని ఆతడు వినెను. ఆ దినము మొదలు ఆతని ప్రార్థనకును నామముతో కూడిన ముగింపు వచ్చియుండును. ఆతని వెనుక మాలపల్లెలు, వాని వెనుక మాదిగపల్లెలు కదలినవి. బందరు పాఠశాల వాకిట నిలువలేనివారే సంఘమున అధిక సంఖ్యాకులైరి.

అయిదేండ్లకు పరీక్ష వచ్చెను. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరుపై తుఫానుతో కూడిన ఉప్పెన పడెను. సుమారు 30,000 మంది మరణించిరని లెక్క. హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు, దొరలు, కూలీలు అను భేదము ఆ నీటికి లేకపోయెను. మిషను బాలికల పాఠశాల పిల్లలును మృతులలో నుండిరి. ఇట్టి వేళ మన దేశమున తప్పక పుట్టు ప్రశ్న ఒకటి కలదు. ఎవరి పాపము ఇది?

ప్రాయశ్చిత్తమును నమ్మినవానికి ఈ ప్రశ్న అడుగు దారి లేదు. పాపమునకు చెల్లవలసినది సిలువపై చెల్లెనని నమ్మినచో, ఉప్పెనను దేవుడు పంపిన బాకీ వసూలుగా చదువుట కుదరదు. ఒకే బాకీని రెండుమారులు వసూలు చేయువాడు న్యాయవంతుడు కాడు. సిలోయమున గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె పాపాత్ములు కారని క్రీస్తు చెప్పినట్లు లూకా సువార్తలో కలదు. అట్లయిన ఉప్పెన ఎందులకు వచ్చెను? దానికి ఈ సిద్ధాంతమున జవాబు లేదు. ఉన్నదని బొంకుటకంటె లేదని ఒప్పుకొనుట మేలు. అది ఇచ్చునది ఒక్కటే. బిడ్డ శవము నొడిలో నున్న తల్లి, నా పాపమే నా బిడ్డను మ్రింగెనను మరియొక బరువును మోయనక్కరలేదు. ఆ రాత్రియే, తడిసిన బట్టలతోనే, దేవునితో మాటలాడవచ్చును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనకు వేలకొలది జనులు బలియైనప్పుడును ఈ ప్రశ్న మరల లేచెను. మృతులపై పాపము మోపిన ఉపదేశకులు అప్పుడును లేకపోలేదు. వారు తమ వేదములోని సిలోయము కథను చదువుకొని యుండవలసినది.

ఈ విశ్వాసము తెలుగు నోట పాటయగుటకు మిక్కిలి పాటుపడినవాడు పురుషోత్తమ చౌధరి. 1803లో పర్లాకిమిడి సీమలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890లో మరణించెను. తెలుగు ఆతని మాతృభాష కాదన్న సంగతి ఆతని కీర్తనలు పాడువారిలో అనేకులకు తెలియదు. లూథరనులు, బాప్టిస్టులు, ఆంగ్లికనులు తమలో తాము ఎన్ని విషయములలో విభేదించినను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున ఆతని పాటలను కలిసి పాడిరి.

1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్య తిరునల్వేలి సీమనుండి వచ్చిన తమిళుడు. ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పు. దోర్నకల్లు ఆయన పీఠము. పిదప కృష్ణా సీమ సంఘములును ఆయన పాలనలోనికి వచ్చినవి. మాల మాదిగ క్రైస్తవులు ఒకరి పాత్రను ఒకరు తాకని కాలమున, ఒకే గిన్నెలోని రసమును అందరును పుచ్చుకొనవలెనని ఆయన పట్టుపట్టెను. ఒకే ప్రాయశ్చిత్తముపై నిలిచినవారు ప్రభువు బల్లయొద్ద వేరు వరుసలు కట్టరాదని ఆయన వాదము. 1945 జనవరి 1న ఆయన మరణించునాటికి ఆ పని ముగియలేదు. నేటికిని ముగిసినదని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు.

నూజివీడునకు ఈ కథతో వేరొక చిత్రమైన సంబంధము కలదు. ఈ ఊరిలో 1925లో స్థాపింపబడిన గిఫర్డు మెమోరియల్ ఆసుపత్రి సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘమువారిది. ఆ సంఘము 1863లో అమెరికాలో ఏర్పడెను గాని దాని పుట్టుక 1844 అక్టోబరు 22కు చేరును. ఆ దినమున క్రీస్తు మరల వచ్చునని విలియం మిల్లరు అనుచరులు వేచియుండి నిరాశపడిరి. వారు ఆ తేదీని ఏరుకొనుటకు కారణము, తమ గణన ప్రకారము అది హెబ్రీయుల ప్రాయశ్చిత్తార్థ దినము. ఆ లెక్కలను మేము సమర్థింపము. కాని సీనాయి ఎడారిలోని ఒక పండుగ, అమెరికా పల్లెలలోని ఒక నిరాశ, నూజివీడులోని ఒక ఆసుపత్రి ఒకే దారమున గ్రుచ్చబడుట చరిత్రకు తప్ప మరెవరికి తోచును?

ఇక ఒక ఆక్షేపణ కలదు. బాకీని మరియొకడు తీర్చునని తెలిసినవాడు మరల అప్పు చేయడా? హిందూ మిత్రులు మమ్ము ఈ ప్రశ్న అడిగినప్పుడెల్ల అది న్యాయమైన ప్రశ్న యనియే చెప్పితిమి. దేవుని యెదుట చెల్లుచీటి దొరకినంతమాత్రమున పొరుగువాని బాకీ చెల్లిపోదు. గట్టు జరిపి పొరుగుతోటలో రెండు బారలు కలుపుకొన్నవాడు ఎంత యేడ్చి ప్రార్థించినను గట్టు తనంతట తాను వెనుకకు జరుగదు. పలుగు పార పట్టి జరుపవలసినదే. సువార్తలోని జక్కయ్య అను సుంకరి క్రీస్తు తన యింటికి వచ్చిన పిమ్మట, తాను అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల ఇచ్చెదననెను. క్షమ కొనుటకు ఇచ్చినది కాదు అది, క్షమ దొరకినందున చేతి ముడి వీడినది. అట్లు వీడని చేతులు మా సంఘములలో కొల్లలు. అది సిద్ధాంతపు దోషమా, మనుష్యుని దోషమా యన్నచో మేము మనుష్యుని వైపే వ్రేలు చూపుదుము. కాని ఆక్షేపించువారికి అది చాలిన జవాబు కాదని కూడ ఎరుగుదుము.

మ్రొక్కుబడి వాసనయు మాలో పోలేదు. కాపు నిలిచినచో ఇంత కానుక, పరీక్ష గట్టెక్కినచో ఇంత అని దేవునితో బేరమాడువారు ప్రతి సంఘమున నుందురు. కోతపండుగనాడు రసాల బుట్టలు తెచ్చి గుడిలో పెట్టి వేలము వేయు ఆచారము వేరు. అది వచ్చినదానికి కృతజ్ఞత. కాయ నిలువని సంవత్సరమున వట్టి చేతులతో వచ్చినవానికిని ఆ గుడిలో అదే చోటు దొరకవలెను.

చైత్ర వైశాఖములలో నూజివీడు సీమపై ఈదురుగాలి ఒక్కొక్క సాయంకాలము అరగంట వీచును. అంతలో కొమ్మలు విరిగి, ముదురని కాయ నేలపై పరచుకొనిపోవును. తెల్లవారునాటికి దానికి బజారులో సగము వెల కూడ రాదు. ఇంటివారందరు లాంతరులు, టార్చిలైట్లు పట్టుకొని చీకటిలోనే కాయలేరి, పచ్చడికి పనికివచ్చునవి ఒక కుప్ప, పగిలినవి ఒక కుప్ప పోయుదురు. పిదప చేతుల జిగురు కడుగుకొని, అలసిన పిల్లలను లేపి కూర్చుండబెట్టి, ఆ యింటి పెద్ద ప్రార్థన చేయును. రాలినదానిని గూర్చి చెప్పును, తీర్చవలసిన అప్పులను గూర్చి చెప్పును, ఏ పాపము చేసితినో యని మాత్రము అడుగడు. పూతకాలమున పలికిన ముగింపునే మరల పలికి ఆమేన్ అనును.